కామెంట్ చేసి పెట్టిన సెక్షన్

2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఒక్క ముక్కని మాత్రం పక్కన పెట్టారు: సెక్షన్ 106(2). నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చావుకి కారణమై, "వెంటనే" పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలు, జరిమానా. మా భాషలో చెప్పాలంటే కోడ్ రాసి, కామెంట్ చేసి ప్రొడక్షన్‌లోకి తోశారన్నమాట.

కారణం తెలిసిందే. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు, హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు, కేంద్రం తగ్గింది. అప్పట్లో "ఏడు లక్షల జరిమానా" అని ఊదరగొట్టారు. ఆ అంకె సెక్షన్లో ఎక్కడా లేదు! ఆగి పోలీసులకి చెప్పినవాడికి పదేళ్ళు కాదు, 106(1) కింద ఐదేళ్ళ దాకానే.

అయినా సరే, దీన్ని ఇలాగే ఆన్ చెయ్యకూడదంటాను.

"వెంటనే" అంటే ఎంతసేపు? మోటారు వాహనాల చట్టం 134 ప్రకారం డ్రైవరు గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడాలి, జనాగ్రహం లాంటి తన చేతిలో లేని కారణాలుంటే తప్ప. అక్కడ పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు స్టేషన్లో చెప్పాలి. 106(2)లో గంటల లెక్కా లేదు, జనాగ్రహం మాటా లేదు. ఒకే ప్రమాదం, రెండు చట్టాలు, రెండు గడువులు. ఇలాంటి కోడ్‌ని ఏ టెస్టరు పాస్ చేస్తాడండీ?

మా దుర్గి వైపు మిరప కోతలప్పుడు చూడండి. కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, గుంటూరు యార్డుకి టిక్కీలు మోసుకెళ్ళే లారీలు, అన్నీ ఒకే రోడ్డు మీద. గుద్దిన డ్రైవరు ముందు భయపడేది జైలుకి కాదు, జనం చేతుల్లో కర్రలకి. ఆగితే దెబ్బలు ఖాయం, పారిపోతే దొరికినప్పుడే జైలు. వాడు ఏది ఎంచుకుంటాడు?

"మీవాళ్ళని గుద్దిపోయినా ఇలాగే అంటావా?" అంటారేమో. అంటాను. నాకు కావలసింది ఆగే డ్రైవరు.

ఇక బాధితుల సంగతి. గుద్దిన బండి ఏదో తేలకపోతే సెక్షన్ 161 కింద, 2022 ఏప్రిల్ 1 నుంచి, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకి 50 వేలు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్క వినండి: 2022లో హిట్ అండ్ రన్ ప్రమాదాలు 67,387. 2022-23లో పరిహారం అడిగినవాళ్ళు 205! కేసు పెట్టిన నెలలోగా బండి ఆచూకీ తెలియకపోతే, ఈ పరిహారం గురించి బాధితులకి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని కోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

లాయరు మిత్రులారా, ఆ ఉత్తరం అందిందా లేదా అని మీ దగ్గరకొచ్చిన ప్రతి కుటుంబాన్నీ అడగండి.

ఏలినవారికి ఒక్క మాట. "వెంటనే"కి గంటలు రాయండి. ఫోన్ చేసినా చెప్పినట్టే అని రాయండి. ప్రాణభయంతో నేరుగా స్టేషన్‌కెళ్ళినవాడు పారిపోయినట్టు కాదని రాయండి. ఆ తర్వాత ఆన్ చేసుకోండి, నేనే చప్పట్లు కొడతాను. అప్పటిదాకా ఆ పదేళ్ళ వల్ల రోడ్డు మీద పడి ఉన్నవాడికి ఒరిగేదేమీ లేదు.