మురుగునకు రెండు న్యాయములా?

నీరు కంటికి తేటగా నున్నంత మాత్రమున నిర్దోషమని తలంచుట మనలో పలువురకు గల పొరపాటు. నేరస్థుడు మంచి బట్టలు కట్టి బోనెక్కినను నేరము తొలగిపోదు. మురుగునీటిలోని నత్రజని సంగతియు నట్టిదే.

కొండవీటి చెంత, కలకత్తా-చెన్నపట్టణముల రహదారిపై నున్న యెడ్లపాడు నేడు వట్టి పల్లెటూరు కాదు. చుట్టుపట్ల నూలు మిల్లులు వెలసినవి. వంకాయలపాటిలో సుగంధద్రవ్యముల పార్కు నెలకొన్నది. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లా యయ్యెను. జనము పెరిగినకొలది మురుగును పెరుగును. అది చేరునది వాగులకు, చెరువులకు, తుదకు బావులకు.

దీనిని సూక్ష్మజీవులచే శుద్ధిచేయించు విద్య క్రొత్తది కాదు. 1914లో మాంచెస్టరునందు ఆర్డెర్ను, లాకెట్టు అను నిరువురు దానిని లోకమునకు వెల్లడించిరి. వారికి దారి చూపిన గిల్బర్టు ఫౌలరు 1916లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు వచ్చి ఆచార్యుడుగా నుండెను. నూరేండ్లకు పైగా ఆ విద్య మన గుమ్మమునందే యున్నది.

గాలి నూదిన తొట్టెలో కొన్ని జీవులు మలినమును తినును. మరికొన్ని అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. ఈ రెండవవి మెల్లగా పెరుగునవి. బురదను తొందరపడి తీసివేసినచో నవియు కొట్టుకొనిపోవును. ఇంతటితో పని ముగించినచో నీరు తేటపడును గాని నైట్రేటు అందులోనే నిలుచును. కావున ఆ నీటిలో కొంత భాగమును గాలి నూదని మొదటి తొట్టెకు మరల్చవలెను. అచ్చటి జీవులు పచ్చి మురుగులోని మలినమునే ఆహారముగా గొని, నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకొని, నత్రజనిని గాలిలో విడుచును. ఒక దోషముతో మరియొక దోషము తీరును. గాలి నూదుటకగు విద్యుత్తును కొంత మిగులును. మన వెచ్చని వాతావరణము ఈ జీవులకు అనుకూలము.

నత్రజని పైరుకు ఎరువే కదా యని కొందరందురు. నిజమే. కాని పైరు కోరినంతయే యెరువు. మిగిలినది బావికి దిగును. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. అట్టి నీటితో డబ్బాపాలు కలిపి పట్టినచో పసిబిడ్డ రక్తము ప్రాణవాయువును మోయలేక దేహము నీలివన్నె కెక్కవచ్చును. నీటిని మరగించినను నైట్రేటు పోదు.

ఇక శాసనము మాట. 2015 నాటి ముసాయిదాలో నత్రజనికి లీటరుకు 10 మిల్లీగ్రాముల హద్దు గలదు. 2017 అక్టోబరు ప్రకటనలో ఆ హద్దే మాయమయ్యెను. పైగా మలినమును కొలుచు బి.ఓ.డి. హద్దు మహానగరములకు 20, చిన్న యూళ్లకు 30. మహానగరపు బిడ్డ ప్రాణము కంటె మన పల్నాటి బిడ్డ ప్రాణము చౌకయా? 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఈ భేదమును త్రోసిపుచ్చి, నత్రజనికి 10 మిల్లీగ్రాముల హద్దుతో కూడిన కఠిన ప్రమాణములే దేశమంతటికి వర్తింపవలెనని తీర్పు చెప్పెను.

వ్యయమధికమను వాదము వినవచ్చుచున్నది. కట్టునాడే రెండు తొట్టెలు కట్టుట, కట్టిన పిదప పగులగొట్టి మరల కట్టుట కంటె చౌక కాదా?

సోదరులారా! మీ యూర మురుగుశుద్ధి కేంద్రపు మాట వచ్చిననాడు రెండు ప్రశ్నలు వేయుడు: గాలి నూదని తొట్టె నక్షాలో కలదా? ప్రతి మాసము నత్రజని లెక్కను పఠనమందిరపు గోడపై అంటింతురా? జవాబు వచ్చువరకు కదలకుడు.