గృహనిర్వహణము: ఇంటి బీమా చాలినంత యున్నదా?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. వంటయింటి గట్టు మొదలుకొని దేవునిగూటి తలుపు వఱకు ఇంటిలోని ప్రతి యమరికయందును గృహిణి యాలోచన యుండును. ఇంత శ్రమపడి యమర్చుకొనిన యింటికి బీమా చేయింపనివారు మనలో పెక్కుమంది. చేయించినవారి యిండ్లలోను ఆ పత్రము బీరువా యడుగున నుండును గాని, అందేమి వ్రాయబడియున్నదో ఇల్లాలికి తెలియదు. కావున ఈ మాసము సోదరీమణులతో ఈ విషయమును ముచ్చటింపదలచితిమి.

"మాయిల్లు సముద్రమునకు దూరము, మాకేమి భయము?" అని కొందఱనవచ్చును. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెను. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకొనిపడెను. ఇవి తీరప్రాంతములు. కాని 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడ సింగునగరు ప్రాంతమును ముంచినది సముద్రము కాదు, బుడమేరు. నీరు దినములకొలది యిండ్లలో నిలిచెను. అట్టి ముంపులో గోడలు నిలిచినను పరుపులు, బట్టలు, కుట్టుమిషను, బియ్యపుబస్తా నిలువవు. అవియే గృహిణి యేండ్లతరబడి కూడబెట్టిన సంపద.

మనదేశమున 2021 ఏప్రిలు 1వ తేదీనుండి 'భారత్ గృహ రక్ష' అను ఒకేరీతి పాలసీ అమలులో నున్నది. అగ్నిప్రమాదము, పిడుగు, తుపాను, వరద, భూకంపము, అల్లరులు మొదలగువానివలన కలుగు నష్టమునకు ఇది పరిహార మిచ్చును. అట్టి ప్రమాదము జరిగిన ఏడుదినములలోపల ఆ సందున దొంగలు పడినను అందు చేరును. కాని మామూలు దినములలో జరుగు దొంగతనము దీనిలో చేరదు. దానికి వేఱుగా బీమా చేయింపవలెను. ఈ సంగతి తెలియక పొరబడువారు కలరు.

ఇక ముఖ్యమైన ప్రశ్న: ఎంత మొత్తమునకు చేయింపవలెను? ఇంటిని కొనిన వెలకు కాదు, అమ్మిన వచ్చు వెలకును కాదు. స్థలము కాలిపోదు, కొట్టుకొనిపోదు. దానికి బీమా యక్కఱలేదు. నేడు ఆ కట్టడమును మరల కట్టించుటకు ఎంతయగునో అంతకు చేయింపవలెను. ఇంటిలోపలి విస్తీర్ణము 1,000 చదరపుటడుగు లనుకొందము. మీయూర మేస్త్రీ చదరపుటడుగునకు 2,000 రూపాయలగునని చెప్పినచో, 20 లక్షలు కావలెను. పదియేండ్లక్రిందటి ధరకు వ్రాయించి యూరకుండిన, నేటి యిటుక, సిమెంటు, కూలి ధరలకు అది చాలదు. విస్తీర్ణమును తక్కువచేసి చెప్పుటయు తగదు.

సామానుల మాట కొంద ఱెఱుగరు. ఈ పాలసీలో కట్టడపు మొత్తముపై నూటికి 20 వంతున, 10 లక్షలు మించకుండ, సామానులకు దానంతటదియే రక్షణ కలుగును. పై లెక్కలో అది 4 లక్షలు. మంచములు, బీరువాలు, ఫ్రిజ్జి, వాషింగుమిషను, పాత్రలు, బట్టలు అన్నియు లెక్కించిన 7 లక్షలైనచో, ఆ వివరములు తెలిపి మొత్తమును పెంచుకొనవలెను. నగలకు వేఱుగా, వెల నిర్ణయించి, చేయింపవలెను. రొక్కము ఇందు చేరదు. అద్దెయిండ్లలో నుండు సోదరీమణులు సామానులకు మాత్రమే చేయించుకొనవచ్చును.

తక్కువ మొత్తమునకు చేయించిన వచ్చు కీడు మఱియొకటి కలదు. 20 లక్షల యింటిని 10 లక్షలకే వ్రాయించి, 4 లక్షల నష్టము కలిగినచో, సగము బీమాయే గనుక సగము నష్టమే, అనగా 2 లక్షలే, యిచ్చు పద్ధతి కొన్ని పాలసీలలో నున్నది. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. అయినను వ్రాయించిన మొత్తమునకు మించి రాదు గదా!

బ్యాంకు ఋణముతో ఇల్లు కొనినవారు "బ్యాంకువారే బీమా చేయించినారు" అని నిశ్చింతగా నుందురు. అది ఋణపు మొత్తమునకు మాత్రమేనా, కట్టడమునకు పూర్తిగానా, సామానులుకూడ చేరినవా అని యడిగి తెలిసికొనుడు. ఇంటిలో ఒక గది పెంచినను, మేడ వేసినను కంపెనీకి తెలుపుడు.

ఒక మధ్యాహ్నము తీరికచేసికొని గదిగదికి సామానుల పట్టిక వ్రాయుడు. కొనిన యేడు, నేడు క్రొత్తగా కొనిన నగు వెల ప్రక్కన వేయుడు. సెల్‌ఫోనుతో ఛాయాచిత్రములు తీయుడు. రసీదుల నకళ్లతోబాటు వానిని పుట్టినింటివారికో, వేఱొక యూరనున్న తోబుట్టువునకో పంపియుంచుడు. ఇంటిలోనే యుంచిన పట్టిక ఇంటితోబాటే తడియును.

ఆపద వచ్చినప్పుడు వెంటనే కంపెనీకి తెలుపవలెను. సర్వేయరు చూచువఱకు పాడైన వస్తువులను పాఱవేయరాదు. పాఱవేయక తప్పనిచో ముందుగా చిత్రములు తీయవలెను. కంపెనీవారు న్యాయము చేయలేదని తోచినచో మొదట వారికే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, అందు ఫలింపనియెడల హైదరాబాదునందలి బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు వ్రాయవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కఱలేదు.

బీమా యున్నంతమాత్రమున వరద రాకమానదు. కాని వరద తీసిననాడు, పొయ్యి మరల వెలిగించుటకు ఎవరి గుమ్మమునకో పోయి చేయిచాపు దుస్థితి తప్పును. సోదరీమణులారా, ఈ మాసము ఇంటిపద్దు వ్రాయునాడు ఆ బీమాపత్రమునుకూడ బీరువానుండి తీసి, భర్తతోనో, కుమారునితోనో కూర్చుండి తుదివఱకు చదువుడు. మొత్తము చాలునో చాలదో మీరే లెక్కకట్టుడు.