వెన్నులో సూది, వీపుపై బరువు

నడుము నొప్పితో ఆసుపత్రి మెట్లెక్కిన మన సోదరులకు ఇటీవల తరచు వినవస్తున్న సలహా ఒకటున్నది: "వెన్నులో ఒక్క సూది వేయించుకో, నాలుగు రోజుల్లో డ్యూటీ ఎక్కవచ్చు." సిక్ లిస్టులో రోజులు లెక్కపెట్టుకుంటున్న గ్యాంగ్‌మన్‌కు గానీ, మిగిలి ఉన్న సెలవు ఎంతో తెలిసిన ఆర్.ఎం.ఎస్. సార్టర్‌కు గానీ ఈ మాట అమృతప్రాయంగా తోచడంలో వింత లేదు. అయితే ఆ సూది మందు ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలియకుండా తల ఊపడమూ పొరపాటే, పక్షవాతం వస్తుందట అన్న పుకారు విని పారిపోవడమూ పొరపాటే.

వెన్నుపామును, దాని నుండి వెలువడే నరాల మూలాలను కప్పి ఒక దళసరి పొర ఉంటుంది. ఆ పొరకు వెలుపల, వెన్నెముక గోడకు లోపల ఉన్న సన్నని జాగాలోనికి స్టిరాయిడ్‌ను, సాధారణంగా స్పర్శ తెలియకుండా చేసే మందుతో కలిపి పంపడమే ఎపిడ్యూరల్ స్టిరాయిడ్ ఇంజెక్షన్. ఇది నిన్న మొన్నటి వింత కాదు. ఆ జాగాలోనికి మందు పంపవచ్చునని 1901లోనే పారిస్ వైద్యులు సికార్, కాథలిన్ విడివిడిగా నిరూపించారు. వారు వాడినది కొకైన్. 1950 దశకం తొలినాళ్ళలో ఐరోపా వైద్యులు స్టిరాయిడ్ వాడడం మొదలుపెట్టారు. డిస్కు ఉబికి నరాన్ని ఒత్తినపుడు అక్కడ ఏర్పడే వాపును, మంటను ఈ మందు తగ్గిస్తుంది. ఉబికిన డిస్కును వెనక్కు నెట్టదు. అరిగిన కీలును పూడ్చదు.

కనుక మొట్టమొదట తేల్చుకోవలసినది నొప్పి ఏ జాతిది అన్న సంగతి. పిరుదు నుండి పిక్క మీదుగా పాదం వరకు తీగలాగినట్లు పాకే నొప్పి వేరు. దానినే సయాటికా అంటున్నాము. నడుములోనే తిష్టవేసి, ఏళ్ళ తరబడి వంగినా నిలిచినా బాధించే నొప్పి వేరు. ఈ సూదికి ఏమైనా శక్తి ఉన్నదంటే మొదటి దానిపైనే. 2020లో కోక్రేన్ సమీక్షకులు 25 పరిశోధనలను కలిపి పరిశీలించగా, కాలినొప్పిపై స్వల్పకాలంలో లభించిన అదనపు ఉపశమనం నూరు మార్కుల కొలతలో సుమారు 5 మార్కులు. నిద్రపట్టని రాత్రికి అయిదు మార్కులూ తక్కువేమీ కావు. కానీ అది జబ్బు నయం కావడం కాదు. వెన్ను కాలువ ఇరుకుపడిన 400 మంది రోగులపై అమెరికాలో జరిపిన పరిశోధన ఫలితం 2014లో వెలువడింది. స్టిరాయిడ్ కలిపిన సూదికీ కలపని సూదికీ ఆరు వారాల తరువాత చెప్పుకోదగిన తేడా అందులో కనిపించలేదు.

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే గీతను గీశాయి: కొత్తగా వచ్చిన తీవ్రమైన సయాటికాకు ఈ సూదిని ఆలోచించవచ్చును, వట్టి నడుము నొప్పికి వెన్నులో సూదులు వేయరాదు. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన అంతర్జాతీయ మార్గదర్శకం మరొక అడుగు ముందుకు వేసి, మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి, అది కాలిలోనికి పాకినదైనా సరే, ఈ సూదులు వద్దని గట్టిగా చెప్పింది. నొప్పి వైద్య నిపుణుల సంఘాలు కొన్ని దీనితో విభేదించాయన్నదీ దాచవలసిన పని లేదు. వైద్యుల మధ్య తగవును తీర్చే అర్హత మాకు లేదు. తగవు ఉన్నదన్న సంగతి మాత్రం సూదికి సిద్ధపడే కార్మికునికి ముందుగా తెలియాలి.

ప్రమాదాల విషయమూ అంతే. నేర్పుగల చేతిలో, సి-ఆర్మ్ ఎక్స్‌రే తెరపై చూస్తూ వేసిన సూది వల్ల పెద్ద హాని అరుదు. అరుదే గాని లేకపోలేదు. చూపు పోవడం, పక్షవాతం, మరణం వంటివి సంభవించాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014 ఏప్రిల్‌లో హెచ్చరించింది. ఈ వాడకానికి ఏ స్టిరాయిడ్‌నూ తాము ఆమోదించలేదని కూడా అప్పుడు ప్రకటించింది. 2012లో అదే దేశంలో బూజు సోకిన స్టిరాయిడ్ సీసాల వల్ల ఏడు వందల మందికి పైగా జబ్బుపడగా అరవై మందికి పైగా మరణించారు. ఆ దోషం సూదిది కాదు, శుభ్రత పాటించని ఔషధ తయారీదారుది. మందు ఎక్కడిది అని రోగి అడిగితే అది వితండవాదం కాదని చెప్పడానికే దీనిని గుర్తుచేస్తున్నాము. మనవారిలో చక్కెర వ్యాధి ఉన్నవారు ఎందరో. సూది తరువాత కొన్ని రోజులపాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది. గుండె జబ్బుకు రక్తం పలుచబరచే మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. తమంతట తాము మాత్రలు మానివేయరాదు.

ఇక అసలు విషయానికి వస్తాము. సూది ఫలించిందే అనుకుందాము. నొప్పి తగ్గింది, ఫిట్ సర్టిఫికెట్ వచ్చింది. మరునాడు ఆ మనిషి ఎక్కడికి వెళతాడు? మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాల దగ్గరికి, ఒక్కొక్కటి 250 కిలోలకు పైబడిన కాంక్రీటు స్లీపర్ల దగ్గరికి, గడ్డపారతో కంకర ఎత్తే పనికి. లోకో పైలట్ అయితే గంటల తరబడి అదురుతున్న ఇంజను సీటుపైకి. సార్టర్ అయితే నేలపై పడి ఉన్న సంచీని వంగి, మెలితిరిగి బల్లపైకి ఎత్తడానికి. నడుముకు అన్నిటికన్నా చెరుపు చేసేది ఆ వంగి మెలితిరగడమే. నొప్పి ఒక కావలివాడు. ఆ కావలివానిని కొన్ని వారాలు నిద్రపుచ్చి, మనిషిని మళ్ళీ అదే బరువు క్రిందికి తోస్తే లోపలి దెబ్బ అతనికి తెలియకుండానే ముదిరే ప్రమాదమున్నది. సూది ఇచ్చే ఆ నాలుగైదు వారాల వెసులుబాటు నడకకు, వ్యాయామానికి, నడుము కండరాల బలానికి వినియోగపడాలి గాని ఖాళీగా ఉన్న రోస్టరు నింపడానికి కాదు. ఇది వైద్యులపై నింద కాదు. "తేలిక పని ఇవ్వండి" అని వారు వ్రాసిన చీటీని చూసి, మా దగ్గర తేలిక పని లేదని త్రిప్పి పంపే అధికారులను వారూ ఎరుగుదురు.

మనిషి ఒకేసారి ఎంత బరువు ఎత్తవచ్చునన్నది కొత్త ప్రశ్న కూడా కాదు. వయోజనుడైన పురుషుడు మోసే బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. నడుము జబ్బుచేసిన మనిషికి ఆ కొలత ఎన్నో రెట్లు తగ్గాలని వేరే చెప్పనక్కరలేదు.

పాత పనికి పనికిరావని తేలితే ఉద్యోగం పోతుందన్న భయమే పెక్కుమందిని సూది మీద సూదికి ఒప్పిస్తున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. అదే వేతన స్కేలుతో వేరొక పోస్టుకు మార్చాలి, అది లేనిచో అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. రైల్వేలలో వైద్యపరంగా డీకేటగరైజ్ అయినవారికి ప్రత్యామ్నాయ ఉద్యోగ నిబంధనలు వేరుగా ఉన్నవి. నడుము నొప్పి ప్రతిదీ చట్టం చెప్పే వైకల్యం క్రిందకు రాదన్నది నిజమే. అయినా ఆ హక్కు తెలిసినవాడు వైద్యుని ఎదుట బేలగా నిలబడడు.

సూది వేయించుకోదలచిన సోదరుడు, సోదరి వైద్యుని అడగవలసినవి కొన్ని ఉన్నవి. నా నొప్పి నరానిదా, కండరానిదా? సూది లేకుండా మరి కొన్ని వారాలు ఆగితే ఏమవుతుంది? (కొత్తగా వచ్చిన సయాటికా పెక్కుమందిలో వారాలలోనో, కొన్ని నెలలలోనో దానంతటదే నెమ్మదిస్తుంది.) తెరపై చూస్తూ వేస్తారా? తరువాత ఎన్నాళ్ళు బరువు ఎత్తరాదో కాగితంపై వ్రాసి ఇస్తారా? కాళ్ళు బలహీనపడినా, మూత్రం బిగిసినా, తొడల నడుమ స్పర్శ పోయినా ఇక ఏ సూది కోసమూ ఎదురుచూడక అదే గంటలో పెద్దాసుపత్రికి చేరాలి.

వేసిన ప్రతిసారీ తేదీ, మందు పేరు, మోతాదు, ఏ పూస దగ్గర వేశారో వ్రాయించుకొని ఆ కాగితాన్ని సర్వీసు కాగితాలంత భద్రంగా దాచుకోవాలి. డివిజన్ మారి కొత్త ఊరు వెళ్ళినపుడు అక్కడి వైద్యునికి అంతకుముందు ఎన్ని సూదులు పడినవో చెప్పగలిగేది ఆ కాగితమే.