వెబ్‌సైట్ల జల్లెడ బహిరంగం కావాలి

వెబ్‌సైటును తెరిచినవారిని వర్గాలుగా విడదీసే నియమాలను, అంటే ఎవరికి ఏ ప్రకటన కనబడాలో, ఎవరికి ఏ రాయితీ చూపాలో, ఎవరిని అసలు లెక్కలోకి తీసుకోకూడదో నిర్ణయించే షరతులను, ఆయా యజమానులు చదివితే అర్థమయ్యే తెలుగు వాక్యాలుగా రాసి సందర్శకులందరికీ కనబడేలా ఉంచాలని ఈ కరపత్రం కోరుతున్నది. విభజనే తప్పన్నది దీని వాదం కాదు. ఇంటర్ ఫలితాల రోజున పాత ఫోనుతో, అందీ అందని సిగ్నల్‌తో వచ్చినవారికి బొమ్మలు లేని తేలికపాటి పేజీని చూపించే నియమం మేలే చేస్తుంది. అయితే జల్లెడ పట్టడం వేరు, కన్నాలు ఎంతటివో ఎవరికీ చెప్పకుండా పట్టడం వేరు.

కొనుగోలుదార్లందరినీ ఒకే ముద్దగా చూడక, అవసరాలను బట్టి వేరువేరు వర్గాలుగా చూడాలన్న ఆలోచనకు వెండెల్ స్మిత్ 1956లో రాసిన వ్యాసం సిద్ధాంతరూపం ఇచ్చింది. ఆనాటి వర్గం సర్వే కాగితాల మీద ఉండేది. అందులోని ఒక్కొక్క మనిషిని వెంబడించే సాధనం ఎవరి దగ్గరా లేదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ కుకీని, అంటే వెబ్‌సైటు సందర్శకుని బ్రౌజరులో దాచిపెట్టి, ఆ బ్రౌజరు మళ్లీ వచ్చినప్పుడు తిరిగి చదువుకునే చిన్న గుర్తును, రూపొందించిన తరవాత ఆ వెంబడింపు సాధ్యమైంది. ఇప్పుడు వర్గం అంటే ఎప్పటికప్పుడు మనుషులు చేరుతూ, రాలిపోతూ ఉండే జాబితా. ఆ రాకపోకలను శాసించేది నియమం.

ఆ నియమం రాయడం చూసినంత తేలిక కాదు. ఒక జూనియర్ కళాశాల వెబ్‌సైటును ఊహించుకుంటే, ఫీజుల పేజీ, హాస్టల్ పేజీ చూసి దరఖాస్తు పంపనివారికి హాస్టల్ రాయితీ ప్రకటన చూపాలని యాజమాన్యం అనుకుంటుంది. 'ఫీజులు, హాస్టల్ చూసినవారు' అన్న మాటలోనే రెండర్థాలున్నాయి: రెండూ చూసినవారా, ఏదో ఒకటి చూసినవారా అన్నది ఆ కామా చెప్పదు. రెండూ అనుకున్నా చిక్కు తీరదు, ఎందుకంటే విశ్లేషణ సాధనాల్లో అదే షరతును మూడు స్థాయిల్లో పెట్టవచ్చు. మొదటిది హిట్, అంటే ఒక పేజీ తెరుచుకోవడం వంటి ఒక్క ఘటన. రెండోది సెషన్, అంటే ఒక విడత సందర్శన. సాధారణంగా 30 నిమిషాలు ఏ కదలికా లేకపోతే ఆ విడత ముగిసినట్టు లెక్క. మూడోది సందర్శకుడు, అంటే ఒక గుర్తు కింద నమోదైన విడతలన్నీ కలిపిన మొత్తం. షరతును హిట్ స్థాయిలో పెడితే వర్గంలో ఒక్కరూ చేరరు, ఎందుకంటే తెరిచిన ఒక్క పేజీ ఏకకాలంలో ఫీజుల పేజీ, హాస్టల్ పేజీ రెండూ కాలేదు. సెషన్ స్థాయిలో పెడితే కూర్చున్నచోటనే రెండూ చూసేసినవారు వస్తారు. సందర్శకుని స్థాయిలో పెడితే, సోమవారం ఫీజు చూసి, ఇంట్లో లెక్కలు వేసుకొని, అప్పు ఎక్కడ పుడుతుందో వాకబు చేసి, శనివారం హాస్టల్ సంగతి చూసిన కుటుంబం కూడా వస్తుంది. రాయితీ అసలు అవసరం ఆ కుటుంబానికే, కాని సెషన్ స్థాయిలో రాసిన నియమం దాన్ని బయట నిలబెడుతుంది. తెర మీద మూడు నియమాలూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా ఒక చిన్న ఎంపిక పెట్టెలో ఉంటుంది, దాన్ని నొక్కినవారు తరవాత ఉద్యోగం మారిపోయి ఉంటారు.

ఎవరిని చేర్చాలన్న భాగం కంటే, ఎవరిని మినహాయించాలి, ఎంతకాలం అన్న భాగాలే ఎక్కువ హాని చేయగలవు. గూగుల్ అనలిటిక్స్ అనే విశ్లేషణ సాధనంలో, వర్గంలో చేరినవారు మామూలుగా 30 రోజులు అందులో ఉంటారు, యజమాని కోరితే ఆ గడువు 540 రోజుల దాకా సాగుతుంది. మినహాయింపును తాత్కాలికంగా పెట్టవచ్చు, శాశ్వతంగానూ పెట్టవచ్చు. ప్రవేశాల గడువు ముగిసి, పిల్లవాడు వేరే కళాశాలలో రెండో సంవత్సరానికి వచ్చినా ఆ ఇంటి ఫోనును హాస్టల్ ప్రకటన వదలకపోవడానికి ఇటువంటి గడువులే కారణమవుతాయి. కాదు అన్న షరతు మరీ జారుడు నేల: 'హైదరాబాద్ కానివారు' అని రాస్తే, ఊరు నమోదు కానివారు కూడా అందులో వచ్చి పడే అవకాశం ఉంది.

తెలుగు నేల మీద ఈ నియమాలు తడబడే తీరు ప్రత్యేకమైనది. చాలామంది ఫోనును ఇంగ్లీషు అమరికలోనే ఉంచుకుంటారు కాబట్టి, బ్రౌజరు పంపే భాషా సమాచారాన్ని నమ్మిన నియమం, రోజంతా తెలుగే చదివేవారిని ఇంగ్లీషు పాఠకులుగా జమకడుతుంది. మొబైల్ నెట్ వాడేవారి ఊరును ఐపీ అడ్రసును బట్టి, అంటే నెట్‌వర్కు ఆ కనెక్షనుకు ఇచ్చిన సంఖ్యను బట్టి, ఊహించే పద్ధతి శ్రీకాకుళం మనిషిని ఏ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నట్టు చూపగలదు. డాలస్‌లో ఉన్న కొడుకు గుంటూరులోని తల్లికి వైద్యపరీక్ష బుక్ చేస్తుంటే, నియమం అతణ్ణి విదేశీ సందర్శకుడిగా చూస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే ఫోను వాడేచోట తాత మోకాళ్ల నొప్పులు, మనవరాలి పరీక్షలు, కోడలి కుట్టుమిషను బేరం కలగలిసి, లోకంలో లేని ఒక నాలుగో మనిషి పుట్టుకొస్తాడు. నియమం వర్గీకరిస్తున్నది అతణ్ణే.

పొరపాటు కంటే గట్టిగా పట్టించుకోవలసినది వివక్ష. కులాన్ని అడగని నియమం కూడా కులాన్ని పట్టుకోగలదు, ఎందుకంటే తెలుగువారిలో ఇంటిపేరు, ఊరు, పిన్‌కోడ్ కలిపి చూస్తే చెప్పకనే చెప్పినట్టు. ఇటువంటి మారు గుర్తుల చరిత్ర ఇతర దేశాల్లో ఇప్పటికే నమోదై ఉన్నది. 2012లో వాల్‌స్ట్రీట్ జర్నల్ జరిపిన పరిశీలనలో స్టేపుల్స్ అనే అమెరికా దుకాణాల సంస్థ, పోటీదారు దుకాణం సందర్శకునికి ఎంత దగ్గరో అంచనా వేసి ఆన్‌లైన్ ధర మారుస్తున్నట్టు తేలింది; నియమం ఆదాయాన్ని అడగలేదు, అయినా తక్కువ ధర కనబడిన ప్రాంతాలు సగటున ఎక్కువ ఆదాయమున్నవి. ఫేస్‌బుక్‌లో ఇళ్ల ప్రకటనలను కొన్ని జాతులవారికి కనబడకుండా మినహాయించవచ్చునని 2016లో ప్రోపబ్లికా వార్తాసంస్థ చూపించగా, 2019 మార్చిలో అమెరికా గృహనిర్మాణ శాఖ ఫేస్‌బుక్‌పై వివక్ష అభియోగం మోపింది. ఆ వివాదంలో 2022 జూన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇళ్ల ప్రకటనలకు స్పెషల్ యాడ్ ఆడియన్స్ అనే సాధనాన్ని అది విడిచిపెట్టవలసి వచ్చింది; ఆ సాధనం జాతి అడిగేది కాదు, ఉన్న ఖాతాదార్లను పోలినవారిని వెతికేది. మన దేశంలో 2025 జనవరిలో, ఫోను రకాన్ని బట్టి చార్జీ మారుతున్నదన్న ఆరోపణ మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రెండు ట్యాక్సీ యాప్ సంస్థలకు నోటీసులిచ్చింది, ఆ సంస్థలు కాదన్నాయి. నియమాలు బహిరంగంగా ఉండి ఉంటే ఆ వివాదం సగం చదవడంతోనే తేలిపోయేది.

చట్టం కొంత దూరం వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారం దేనికి తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులోగాని, తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనాగాని చదువుకునే వీలు ఇవ్వాలంటున్నది. 18 ఏళ్లు నిండనివారి ప్రవర్తనను గమనించడాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలివ్వడాన్ని నిషేధిస్తున్నది. జూనియర్ కళాశాల వెబ్‌సైటుకు వచ్చేవారిలో చాలామంది ఆ వయసువారే కావచ్చునన్న సంగతి యాజమాన్యాలు గుర్తించవలసి ఉన్నది. ఆ చట్టం కింద 2025 నవంబరులో వెలువడిన నియమావళి ప్రధాన విధుల అమలుకు 18 నెలల గడువు ఇచ్చింది. అయితే విభజన నియమాన్నే చూపించాలని ఇవేవీ నేరుగా చెప్పవు. ఐరోపాలో ఆ వైపు ఒక అడుగు పడింది: యాంత్రికంగా జరిగిన నిర్ణయం వెనుక వాస్తవంగా పాటించిన పద్ధతిని సామాన్యునికి అర్థమయ్యేలా వివరించాలని, గణిత సూత్రాన్ని చేతిలో పెడితే సరిపోదని ఐరోపా న్యాయస్థానం 2025 ఫిబ్రవరి 27న తేల్చింది.

ఇక్కడివారికి ఇది పరాయి ఆలోచన కానక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ సాగింది. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి చెల్లించారో రాసిన హాజరు పట్టీని, అంటే మస్టర్ రోల్‌ను, ఊరి జనం ముందు చదివి వినిపిస్తే, అక్షరం రానివారు కూడా లేచి ఆ రోజు పని జరగలేదని చెప్పగలిగారు. కాగితం అధికారిదే అయినా, దాన్ని నిగ్గు తేల్చింది వినికిడి. వెబ్‌సైటు నియమానికీ అదే పరీక్ష పెట్టాలి: బిగ్గరగా చదివితే వినేవారికి అర్థం కాని నియమాన్ని అమలు చేయకూడదు.

పైన చెప్పిన కళాశాల, చదివేవారు తల్లిదండ్రులే అనుకుంటే, ఇలా రాయవచ్చు: 'గత 30 రోజుల్లో, వేర్వేరు రోజుల్లోనైనా సరే, ఫీజుల పేజీ, హాస్టల్ పేజీ రెండూ తెరిచి, దరఖాస్తు పంపని ఫోన్లకు ఆగస్టు 31 దాకా హాస్టల్ రాయితీ ప్రకటన చూపుతాము, దరఖాస్తు అందగానే ఆపేస్తాము, ఊరును, ఇంటిపేరును లెక్కలోకి తీసుకోము.' ఇందులో మనుషులు అనక ఫోన్లు అనడం కావాలనే, తెలిసినది అంతవరకే. పోటీదారులు నియమాన్ని కాపీ కొడతారన్న అభ్యంతరం బలమైనది కాదు, ఎందుకంటే ఫీజు చూసి వెనుదిరిగినవారిని మళ్లీ పిలవాలన్న సంగతి ప్రతి వ్యాపారికీ తెలిసినదే. నిజంగా రహస్యమైన అంకె ఏదైనా ఉంటే దాన్ని దాచుకొని, వాక్యాన్ని చూపవచ్చు.

కళాశాలలు, ఆసుపత్రులు, అప్పులిచ్చే సంస్థలు, పెళ్లిసంబంధాల వేదికలు, పత్రికలు చట్టం బలవంతపెట్టేదాకా ఆగకుండా, తమ సాధనాల్లోని వర్గాల జాబితాను తెరిచి, ఒక్కో వర్గానికి ఒక్కో వాక్యం రాసి, మొదటి పేజీ అడుగున అతికించాలి. రాయలేకపోయిన వర్గాన్ని తొలగించాలి. గూగుల్ అనలిటిక్స్ ఉచిత ఖాతాలో ఒక ప్రాపర్టీకి, అంటే ఒక వెబ్‌సైటు లెక్కల పుస్తకానికి, 100 వర్గాలకు మించి పెట్టుకోనివ్వరు కాబట్టి, రాయవలసిన వాక్యాలు కూడా వందకు మించవు.