హారిస్మిత్‌లో టీ

పోయిన సెలవుల్లో నేను, నా ముగ్గురు స్నేహితులు డర్బన్ నుంచి జొహానెస్‌బర్గ్ పక్కన ఉన్న లెనేషియాకు కారులో వెళ్లాం. ఎన్3 రోడ్డు మీద దాదాపు 600 కిలోమీటర్లు.

ముందు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో మామయ్య ఇంటి దగ్గర ఆగాం. అత్తయ్య పులిహోర కట్టి ఇచ్చింది. వాన్ రీనన్ కనుమ ఎక్కితే ఫ్రీ స్టేట్ వస్తుంది. అక్కడ హారిస్మిత్‌లో టీ తాగాం, కబుర్లు చెప్పుకున్నాం.

రాత్రి లెనేషియాలో పెద్దమ్మ అడిగింది: "ఇంత ఆలస్యమైందేం?"

"హారిస్మిత్‌లో ఆగాం, పెద్దమ్మా."

ఆమె కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న అక్కడ ఆగేవాడు కాదు. అన్నం కారులోనే తినేవాళ్లం. చీకటి పడేలోపు దాటేయాలి" అంది.

భారతీయులు ఫ్రీ స్టేట్‌లో స్థిరపడకూడదని 1891లో చట్టం చేశారు. ఆ నిషేధం 1980ల దాకా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మను కూడా తీసుకొచ్చాం. హారిస్మిత్‌లో ఆగాం. టీలో చక్కెర తక్కువైందని అంది. అయినా ఇంకో కప్పు అడిగింది.

ఈ నెల మాట: ఆగు. ఆగాను, ఆగాం, ఆగేవాడు కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్లను తెలుగులో అడగండి: "ప్రయాణంలో మీరు ఎక్కడ ఆగేవారు?"