స్థావరకుని సాక్ష్యము

మృచ్ఛకటికము ఒక ప్రణయనాటకమని మనవారు వాడుకగా చెప్పుచుందురు. ఉజ్జయినిలో దరిద్రుడైన చారుదత్తుడును గణికయైన వసంతసేనయు పరస్పరము వలచిరి. రాజుగారి బావమరది శకారుడు నడుమ విఘ్నము కల్పించెను. తుదకు ధర్మము జయించెను. ఇంతటితో కథ ముగిసినదని పుస్తకము మూసివేయుదురు. పది అంకముల నాటకమును ఇట్లు చదువుట సగము చదువుటయే. అందు సంకెలలు ఎవరి కాళ్లకు గలవో, వానిని తగిలించినవారెవరో, ఊడదీసినవారెవరో విచారించి చూచినచో, శూద్రకుడు వలపుకథ చాటున వేరొక కథ చెప్పినాడని తేటపడును. అది అధికారముయొక్క కథ, దాస్యముయొక్క కథ, విమోచనముయొక్క కథ.

ఈ కథ మరుగున నుండుట రెండు పక్షములవారికి అనుకూలముగ నున్నది. స్వేచ్ఛ యను భావమే పాశ్చాత్యవిద్యతోబాటు ఓడనెక్కి వచ్చి మన రేవులలో దిగినదని ఒక పక్షమువారు. మన పూర్వులలో దాస్యమే లేదు, మెగస్తనీసు వంటి విదేశీయుడే భారతీయులందరు స్వతంత్రులని వ్రాసియున్నాడని రెండవ పక్షమువారు. మొదటివారికి మన గ్రంథములు తెలియవు. రెండవవారికి తెలిసియు చెప్పరు. మనుస్మృతి ఏడు విధముల దాసులను ఎన్నినది. కౌటిల్యుని అర్థశాస్త్రము దాసుల క్రయవిక్రయములకును విమోచనమునకును నియమములు విధించినది. లేని వ్యాధికి ఇన్ని చికిత్సలు ఎవడైనను వ్రాయునా?

మొదట అధికారమును చూతము. ఈ నాటకమున రాజు పేరు పాలకుడు. పది అంకములలో ఒక్కమారైనను అతడు రంగముమీదికి రాడు. అతని ఆజ్ఞ వినబడును గాని అతని ముఖము కానరాదు. కనబడువాడు శకారుడు, రాజుగారి ఉంపుడుగత్తెకు సోదరుడు. విద్య లేదు, శౌర్యము లేదు, పురాణకథలనైనను తలక్రిందులుగా చెప్పును. అయినను వాడు వచ్చుచున్నాడన్నచో వీధి తొలగి దారి యిచ్చును. నిరంకుశత్వమునకు ఇంతకంటె చక్కని చిత్తరువు కలదా? సింహాసనము తెరచాటున నుండును. దాని చుట్టరికము బజారున తిరుగుచుండును. ప్రజలకు రాజుతో పని పడదు; రాజుగారి బావమరదితో నిత్యము పని పడుచుండును.

తొమ్మిదవ అంకములోని న్యాయస్థానమును నావలె నల్లకోటు తొడుగుకొను ప్రతివాడును కనీసము ఒకమారు చదివి తీరవలెను. వసంతసేనను తానే గొంతు నులిమి, చచ్చినదని తలచి, ఆ హత్యను చారుదత్తునిపై మోపుటకు శకారుడు వచ్చును. నేడు నీ వ్యవహారము విచారింపబడదని న్యాయాధికారి మొదట త్రోసివేయును. నా బావతో చెప్పి నిన్ను తొలగింపించి మరియొకని కూర్చుండబెట్టింతునని శకారుడు బెదరించును. వెంటనే వ్యవహారము విచారణకు వచ్చును!

ఈ న్యాయాధికారి దుష్టుడు కాడు, లంచగొండి కాడు, చారుదత్తుని శీలము నెరిగినవాడు. దుష్టుడే యైనచో వానిని మార్చిన చాలునని మనము ఊరడిల్లియుందుము. ఉద్యోగము పరుల దయపై నిలిచినప్పుడు మంచివాడు సైతము ఎట్లు వంగునో శూద్రకుడు చూపినాడు. బ్రాహ్మణుడు వధ్యుడు కాడను మనువచనమును పేర్కొని అతడు దేశబహిష్కారమును సూచించును. కనబడని రాజు మరణశిక్ష విధించును. దోషనిర్ణయము వరకే మా అధికారము, తక్కినది రాజుదే యన్న ఆ న్యాయాధికారి మాట వినయమువలె వినబడును. అది వినయము కాదు, లొంగుబాటు.

ఇక దాస్యము. సంవాహకుడు జూదమున పది సువర్ణములు ఓడి, తీర్చలేక, ఆ సొమ్మిచ్చి తన్ను కొనుడని నడివీధిలో మొరపెట్టుకొనును. దీనిని ప్రాచీనకాలపు వింత యని నవ్వుటకు మనకు అర్హత లేదు. తెలంగాణమున భగేలా పేర అప్పుక్రింద మనుష్యులు కట్టుబడిరి. ఆ ఒడంబడికలను అదుపు చేయుటకు హైదరాబాదు ప్రభుత్వము 1936లో నిబంధనలు చేయవలసివచ్చెను. మదనిక వసంతసేనకు దాసి. ఆమెను విడిపించు వెలకొరకు ఆమె ప్రియుడు శర్విలకుడు చారుదత్తుని ఇంట కన్నము వేయును. ఒకరి దాస్యము మరియొకరిని దొంగను చేసినది. వసంతసేన సంగతి యంతయు విని, విననట్లు నటించి, మదనికను అతనితో పంపివేయును.

వీరందరికంటె అడుగున నున్నవాడు స్థావరకుడు. శకారుని బండి తోలు దాసుడు. ఉద్యానమున వసంతసేనను చంపుమని యజమాని వానిని ఆజ్ఞాపించును. బంగారు కడియములు చేయింతుననును, సేవకులందరిపై పెద్దను చేయుదుననును. అన్నిటికిని చిత్తమని తలయూచిన ఆ దాసుడు చంపుమనగానే చంపనని నిలిచిపోవును. దెబ్బలు తినును. తన దేహముపై యజమానికి అధికారము కలదు గాని తన నడవడిపై లేదని వాని నిశ్చయము. న్యాయాధికారికి లేని ధైర్యము ఈ బండివానికి ఎక్కడినుండి వచ్చినది? న్యాయాధికారికి పోగొట్టుకొనుటకు పదవి కలదు. వీనికి మిగిలినది ఆత్మ యొక్కటే.

సాక్షి యని శకారుడు వానిని మేడపై సంకెలలతో బంధించును. చారుదత్తుని వధ్యస్థానమునకు నడిపించుచుండగా స్థావరకుడు ఆ మేడనుండి క్రిందికి దుముకును, సంకెల తెగును, జనుల నడుమ నిలిచి హంతకుడెవడో చెప్పును. కన్నులార చూడకున్నను సర్వమెరిగిన సాక్షి అతడొక్కడే. జరిగినదేమి? శకారుడు చాటుగా వానికి కడియమునిచ్చి నోరు మూయజూచును. వాడు దానిని ఎత్తి అందరికిని చూపును. అప్పుడు శకారుడు, ఇదిగో, వీడు దొంగిలించిన నగ ఇదే, అందుకే బంధించితిననును. తలవరులు నమ్మిరి! లంచము పెట్టినవాని మాట నిలిచినది. లంచమును బయటపెట్టినవాని మాట చెల్లలేదు. దాసుడు చెప్పిన నిజము ఎవరిని నమ్మింపజాలదని వాడు వగచి తొలగును. ఈ నాటకమునకు హృదయస్థానము ఇదియే యని నా దృఢవిశ్వాసము. దాస్యమనగా కాలి సంకెల మాత్రమే కాదు. సంకెల తెగిన తరువాతను నోటిమాటకు విలువ లేకుండుట దాస్యము.

ఇట్టి రాజ్యము నిలుచునా? నిలువలేదు. దానిని కూల్చినవారెవరో చూడుడు. రాజు చెరబెట్టిన గోపాలకుడు ఆర్యకుడు, కన్నపుదొంగ శర్విలకుడు, జూదరి దర్దురకుడు, పట్టుబడినవానికి కత్తినిచ్చి సాగనంపిన దాక్షిణాత్యుడగు కావలి యధికారి చందనకుడు, శకారుని కొలువు రోసి వెడలిన విటుడు. 1912 మొదలు తిరువనంతపురమున అచ్చుపడిన భాసనాటకచక్రములోని నాలుగంకముల చారుదత్తమున ఈ తిరుగుబాటు కథ లేదు. శూద్రకుని నాటకమున అది వలపుకథతో పడుగుపేకలవలె కలిసిపోయినది. ఒక పేదవాని న్యాయము రాజ్యముయొక్క న్యాయమునుండి వేరుచేయరానిదని కవి యెరుగును.

పాలకుడు యజ్ఞవాటికలో హతుడయ్యెను. వసంతసేన బ్రదికి వచ్చెను. స్థావరకుడు దాస్యమునుండి విడుదల పొందెను. అయినను నాటకము ఆగినచోటనే మన ఆలోచన ఆగరాదు. వధించుటకు చేయి రాక జాలిపడిన ఇద్దరు చండాలురకు లభించిన బహుమానమేమి? చండాలులందరిపై ఆధిపత్యము! వారి నెత్తిపైని పేరు పోలేదు. దానికి ఒక పెద్దరికము తగిలించిరి. స్థావరకుని స్వేచ్ఛయు చారుదత్తుని నోట వరముగ వెలువడినదే గాని, వానికి హక్కుగ రాలేదు. వరముగ వచ్చినది మరియొక శకారుడు రాగానే తీసికొనిపోబడును. రాజు మారుట వేరు, రాజ్యము మారుట వేరు.

మనము వరము నుండి హక్కునకు వచ్చితిమి. దాసునిపై యజమాని హక్కును న్యాయస్థానములు పాటింపరాదని 1843 చట్టము శాసించెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఇరువదిమూడవ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976 చట్టము కట్టుబానిసల అప్పులను రద్దుచేసెను. సాక్షుల రక్షణపథకమును 2018లో సుప్రీముకోర్టు ఆమోదించి అమలుపరుపుడనెను. కాగితముపై సంకెలలు తెగినవి. కాని భూస్వామిపై పాలేరు, ఇటుకబట్టీ యజమానిపై కూలి సాక్ష్యము చెప్ప వచ్చినప్పుడు, వీడు దొంగ, కక్షతో చెప్పుచున్నాడు అను శకారుని వాదము నేటికిని బోనులో వినబడుచునే యున్నది. దానికి తలయూచువారు చదువుకొన్న మనమే.

చదువరులారా! చారుదత్తుని కష్టమునకు కన్నీరు కార్చుట సులభము, అతడు మనవంటివాడు. మేడనుండి దుమికినవానిని నమ్ముట కష్టము. స్థావరకుడు మరల మన వీధికి వచ్చును. ఈమారు వాని చేతిలోని కడియము ఎవరిదని విచారింపుడు.