అర్చన, ఆర్జన: మిథిలాచిత్రం బోధించే ధర్మం

భగవదర్పణంగా పుట్టిన కళ విపణిలో అడుగిడగానే అపవిత్రమవుతుందనే అభిప్రాయం భక్తులలో కొందరికి ఉంది. బీహారులోని మధుబని ప్రాంతపు స్త్రీల చిత్రకళ కూడా ఈ విమర్శకు గురైనదే. ఈ అభిప్రాయం ఎంతవరకు ధర్మసమ్మతమో విచారించవలసి ఉంది.

మిథిలలో నూతన వధూవరులుండే గదిని కోహబర అంటారు. ఆ గది గోడపై ఇంటి స్త్రీలు పద్మలతను, వెదురును, చిలుకలను, చేపలను, తాబేలును, సూర్యచంద్రులను లిఖిస్తారు. ఇవన్నీ సంతానసౌభాగ్యాలకు, దాంపత్యమంగళానికి ప్రతీకలు. పూర్వం దీపపు మసి, పసుపు, బియ్యపు పిండి వంటి గృహద్రవ్యాలే వారికి వర్ణాలు. నేలపై బియ్యపు పిండితో తీర్చే అరిపన మన ముగ్గుకు సోదరి వంటిది. గోడ మళ్లీ అలికినప్పుడు చిత్రం చెరిగిపోయేది. దానికి సంతకం లేదు, వెల లేదు, లేఖనమే అర్చన.

1934 జనవరిలో సంభవించిన మహాభూకంపంలో ఇండ్లు కూలినపుడు, ఆంగ్లేయ అధికారి డబ్ల్యు. జి. ఆర్చర్ ఆ శిథిలకుడ్యాలపై ఈ చిత్రాలను చూచి బాహ్యలోకానికి పరిచయం చేశాడు. 1966-67 నాటి తీవ్రమైన కరవులో అఖిలభారత హస్తకళల మండలి అక్కడి స్త్రీలకు కాగితం అందించి, జీవనోపాధి కోసం చిత్రించమని ప్రోత్సహించింది. గోడ మీది మంగళలేఖ అలా విక్రయవస్తువైంది. జగదంబాదేవి, సీతాదేవి, గంగాదేవి పద్మశ్రీ పురస్కారాలు పొందారు.

ఈ పరిణామంలో నష్టం లేదనలేము. వివాహముహూర్తంతో సంబంధం తెగిన కోహబర, అర్థం తెలియని అలంకారంగా అతిథిగృహాల గోడలకెక్కింది. అయితే ఆ దోషం అర్థం మరచినవారిదే గాని, ఆకలిగొన్న బిడ్డల కోసం కాగితంపై కుంచె పట్టిన తల్లిది కాదు.

ఇందుకు ప్రమాణం మిథిలలోనే ఉంది. మహాభారత వనపర్వంలో కౌశికుడనే తపస్విని ఒక గృహిణి ధర్మోపదేశం కోసం మిథిలకు పంపుతుంది. అక్కడ అతనికి లభించిన గురువు ఆశ్రమవాసి కాడు. అంగడిలో మాంసం అమ్ముకొనే ధర్మవ్యాధుడు. కర్మచేతనే సంసిద్ధి పొందినవారికి గీతాచార్యుడు ఉదాహరణగా చూపిన జనకుడు ఏలిన భూమి కూడా అదే. స్వధర్మాన్ని ఈశ్వరార్పణబుద్ధితో ఆచరించేవానికి అంగడి అడ్డు కాదని ఆ నేల ఏనాడో తేల్చి చెప్పింది.

కాగితం మరొక మేలు కూడా చేసింది. బాహ్యలోకం తొలుత ఆదరించినవి ముఖ్యంగా బ్రాహ్మణ, కాయస్థ గృహాల చిత్రాలు. తరువాత దుసాధ స్త్రీలు పచ్చబొట్టు రేఖల నుండి గోదనా శైలిని వికసింపజేసి, తమ ఆరాధ్యుడైన రాజా సల్హేసు గాథలను చిత్రించారు. మత్స్యకార కుటుంబంలో జన్మించి, పరుల ఇండ్లలో పనిచేసిన దులారీదేవిని 2021లో పద్మశ్రీ వరించింది. సర్వభూతాలయందు ఒకే ఆత్మను దర్శించమనే వేదాంతానికి ఇది ఆనందకరమైన విషయమే గదా!

ఫలత్యాగం సాధకుడు తనకు తాను విధించుకొనవలసిన నియమం. ఇతరుల నుండి, అందునా శ్రమజీవుల నుండి, బలవంతంగా రాబట్టవలసిన కానుక కాదు. “పవిత్రకళ గనుక వెల తగ్గించు” అనేవాడు తాను లోభం విడువక, చిత్రకారిణిని వైరాగ్యం వహించమంటున్నాడు.

కనుక కోహబర చిత్రాన్ని ఇంటికి తెచ్చుకొనే భక్తుడు మూడు విధులు పాటించుట ఉచితం: లిఖించిన స్త్రీ నామం తెలుసుకొనుట, న్యాయమైన మూల్యం చెల్లించుట, పద్మలతకు, వెదురుకు గల అర్థాన్ని తన బిడ్డలకు వివరించుట. అప్పుడు ఆ కాగితం కేవలాలంకారం కాదు. మిథిలాగృహిణి చేసిన అర్చనలో కొన్నవానికి కూడా భాగం లభిస్తుంది.